మొదటి సమ్మెటకు మొదటి చాయ్

నేను ముప్పై ఏళ్ళకు పైగా క్వారీలో రాళ్ళు కొట్టాను. దాని గురించి గొప్పలు చెప్పుకోను, కడుపు కోసం చేసిన పని. కానీ ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినను. దెబ్బ ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. చేతుల్లోంచి రాదు. మడమ దగ్గర పుట్టి, నడుములో తిరిగి, భుజం మీదుగా జారి సమ్మెటలోకి దిగుతుంది. చేతులు ఊరికే దారి చూపిస్తాయి. ఈ సంగతి తెలియనివాడికి ఎంత కండ ఉన్నా మధ్యాహ్నానికి కూలబడతాడు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది జర్మనీలో బేస్‌బాల్ ఆడే ఒక మనిషి గురించి. ఆ ఆట గురించి నీకేం తెలుసని అడిగేవాళ్ళుంటారు. ఆట అప్పట్లో తెలియదు. దెబ్బ తెలుసు. అది చాలు అనుకుని మొదలుపెట్టాను, చాలలేదు, ఆ సంగతీ చెబుతాను.

కరోనా వచ్చిన ఏడాది ఫిబ్రవరి చివర్లో బ్యోబ్లింగెన్‌లో ఉన్న మా బిడ్డ దగ్గరికి మూడు నెలలకని వచ్చాను. మూడు వారాలు తిరక్కముందే విమానాలు ఆగిపోయాయి. బిడ్డ ఒక గదిలో, అల్లుడు ఇంకో గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దంతా కంప్యూటర్లతో మాట్లాడేవాళ్ళు. వంటింట్లో గిన్నె చప్పుడైతే చాలు, లోపల్నుంచి "బాపూ, మీటింగ్" అని వినిపించేది. నా వీసా గడువు పెంచుకోవడానికి ఆఫీసులో టెర్మిన్ కోసం ఆమె రోజూ ప్రయత్నించేది. టెర్మిన్ అంటే ఫలానా రోజు ఫలానా టైముకు రమ్మని ఇచ్చే అనుమతి. అది లేకుండా ఆ దేశంలో ఎవరూ ఎవరినీ పలకరించరేమో అనిపించింది నాకు.

నడవడానికి మాత్రం అడ్డులేదు. సాయంత్రం అడవి వైపు పోయేవాణ్ణి. ఆ అడవి కూడా ఎవరో రోజూ ఊడ్చినట్టు ఉంటుంది. ఒకనాడు చెట్ల అవతల నుంచి ఒక చప్పుడు వినబడింది. టక్. కాసేపాగి మళ్ళీ టక్. నాకు కాళ్ళు నిలవలేదు. అది బోలు చప్పుడు కాదు. దెబ్బ సరిగ్గా నడిమధ్యన పడితే వచ్చే నిండు మోత. అలాంటి మోత విని ఎన్నేళ్ళయిందో. ఆ చప్పుడు వెంబడి పోయాను, తప్పిపోయిన మేక మెడగంట విన్నవాడిలా.

చెట్లు అయిపోగానే పచ్చటి మైదానం, ఎత్తయిన తీగ కంచె. లోపల ఒక్కడే మనిషి. పొడగరి, వెడల్పు భుజాలు, నెరిసిన గడ్డం, యాభై దాటిన వయసు. నడుమెత్తు రబ్బరు గొట్టం మీద బంతి నిలబెట్టి, కట్టె బ్యాటుతో కొట్టి ఎదురుగా కట్టిన వలలోకి పంపుతున్నాడు. కొట్టిన ప్రతిసారీ ఎడమ మోకాలు పట్టుకుని వంగుతున్నాడు.

ఓ పది దెబ్బలు చూశాను. ఆయనలో అన్నీ ఉన్నాయి. నడుము తిరుగుతుంది, భుజం వదులుగా ఉంది, తల కదలదు. కానీ మోకాలి నొప్పికి భయపడి ముందు కాలి మడమ తొందరగా ఎత్తేస్తున్నాడు. దాంతో సగం దెబ్బ నేలలోకి పోతుంది. నేను ఊరుకోలేకపోయాను. నాలుకతో చప్పరించాను. ఆయన వెనక్కి తిరిగాడు.

"తమ్మీ, మడమ" అన్నాను. నా మడమ చూపించి, నేలకు రెండుసార్లు తాటించాను. చేతులతో సమ్మెట ఎత్తినట్టు ఎత్తి, దించి చూపించాను.

ఎవరీ ముసలోడు అన్నట్టు చూశాడు. తర్వాత గొట్టం మీద బంతి పెట్టాడు. మడమ నేలకు అదిమి కొట్టాడు. ఈసారి వచ్చిన మోతకు కంచె మీది పిట్ట లేచిపోయింది. ఆయన వల వైపు చూసి, నా వైపు చూసి, నవ్వాడు.

చేతులు కలపకూడని రోజులు. మీటరున్నర దూరం. ఆయన కంచె దగ్గరికి వచ్చి తన అరచేతులు రెండూ తెరిచి చూపించాడు. కాయలు. పసుపుపచ్చగా, పగుళ్ళతో, బొటనవేలు మొదట్లో ఒకటి కొండలా. నేనూ చూపించాను. క్వారీ మానేసి పదేళ్ళు దాటినా నావి పోలేదు. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం కాసేపు చూసుకున్నాం. అంతే పరిచయం. ఆ మర్నాటి నుంచి ఆయన కొట్టడం, నేను కంచె బయట బెంచీ మీద కూర్చోవడం.

నాలుగో రోజుకో ఐదో రోజుకో బిడ్డ నా వెంట వచ్చింది, రోజూ ఈ ముసలాయన ఎటు పోతున్నాడో చూద్దామని. ఆయనతో జర్మన్‌లో మాట్లాడి నా దగ్గరికి వచ్చింది.

"బాపూ, నువ్వు ఆయనకు ఏం చెప్పినవ్? మీ నాయిన కోచా అని అడుగుతున్నడు."

"కాలు సరిగ్గ పెట్టుమన్న."

"ఏ భాషల చెప్పినవ్?"

"కాలు భాషల."

ఆమె ద్వారానే ఆయన కథ తెలిసింది. ఇళ్ళకు పైకప్పులు వేసే పని. మోకాళ్ళు పోయింది ఆటలో కాదు, పెంకుల మీద. ఆ దగ్గర్లో అమెరికా సైనికులు ఉండేవాళ్ళట, చిన్నప్పుడు వాళ్ళను చూసి ఈ ఆట పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే ఊరి క్లబ్బుకు ఆడుతున్నాడు. పెద్ద లీగుకు ఎప్పుడూ పోలేదు. శనివారం పని ముగించుకుని వచ్చి మైదానంలో గడ్డి కోసేది ఆయనే. పిల్లలకు బ్యాటు పట్టుకోవడం నేర్పేది ఆయనే. క్లబ్బు గదిలో గోడ నిండా ఫోటోలున్నాయి, పై లీగులకు పోయినవాళ్ళవి, కప్పులు గెలిచినవాళ్ళవి. బిడ్డ కిటికీలోంచి చూసి, ఆయన ఫోటో ఏదని అడిగింది.

"నాది లేదు. ఆ గది పైకప్పు నాది" అన్నాడట.

ఆ మాట నాకు నచ్చలేదు. ఆయన నవ్వుతూ అన్నాడు కానీ నాకు నచ్చలేదు. ముప్పై ఏళ్ళు ఒకేచోట దెబ్బ వేసినవాడికి గోడ మీద జానెడు చోటు లేదా?

అక్కడి ఎండాకాలం సగం అయ్యాక నా వీసా గడువూ పెరిగింది, మ్యాచులకూ అనుమతి వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు చీటీ మీద పేరు, ఇల్లు, ఫోన్ నంబరు రాసి ఇవ్వాలి, రేపు ఎవరికైనా జబ్బు వస్తే అందరికీ కబురు చేయడానికి. బ్యాటు పట్టేవాళ్ళ వెనకున్న వల అవతల, బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ ఆ చీటీలు తీసుకునేది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మ్యాచ్ లెక్క రాసేదీ ఆమే. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. బిడ్డ ఇంటర్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, గ్రానైటు పలక మీద సుద్దతో రాయించి నేర్పింది. అంతవరకు నాకు తెలిసినవి క్వారీలో రాళ్ళ మీద రంగుతో పెట్టే గుర్తులే. ఇంగ్లీషు అక్షరాలు ఇంకా తర్వాత వచ్చాయి. ఒక్కొక్కటే పెట్టుకుంటూ నా పేరు రాస్తుంటే వెనకాల వరుస పెరిగింది. ఆవిడ వెనకాలవాళ్ళను చేత్తో ఆగమంది కానీ నన్ను తొందరపెట్టలేదు. అందుకే ఆమె తర్వాత నన్ను చూసి నవ్వినా నాకు కోపం రాలేదు.

ఆవిడ రాయడం చూసి నాకూ రాయాలనిపించింది. బిడ్డ దగ్గర ఒక నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరుస. బ్యాటు బంతికి నిండుగా తగిలితే సున్న. సగం తగిలితే చుక్క. చూసి కాదు, విని. మా జట్టులో ఎవరు ఆడుతున్నా రాసేవాణ్ణి, మన పైకప్పుల మనిషి వచ్చినప్పుడు మాత్రం పెన్సిలు గట్టిగా పట్టుకునేవాణ్ణి.

నాకు తెలిసిన ఆట టీవీలో చూసిన క్రికెట్. అందులో బంతి వెనక్కి పోయినా పరుగే, పక్కకు పోయినా పరుగే. మన మనిషి కొట్టిన బంతి వల మీదుగా వెనక్కి ఎగిరి కార్లు పెట్టుకునే చోట పడింది. నేను లేచి చప్పట్లు కొట్టాను. ఎవరూ కొట్టలేదు. వీళ్ళకు ఆట చూడ్డం రాదనుకున్నాను. రెండోసారి పక్క కంచె అవతల పడింది. మళ్ళీ కొట్టాను. బిడ్డ నా చొక్కా పట్టుకుని లాగింది.

"బాపూ, కూసో. అందరు మనల్నే చూస్తున్నరు."

"చూడనీ. ఫోర్ పోయింది."

"పోయిందో లేదో నాకు తెల్వది. కూసో ముందు."

ఆమెకూ తెలియదు మరి. అలా ఏడు మ్యాచులు, నా నోటుబుక్కు నిండా సున్నలు. మన మనిషి వరుసలో అందరికంటే ఎక్కువ. ఒక్కోసారి ఆ వరుస పేజీ చివరిదాకా పోయేది. ఇంత గొప్పగా ఆడుతున్నవాణ్ణి ఎవరూ మెచ్చుకోరేంటని ఇంట్లో అల్లుడితో రోజూ వాదన. అతను హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి తీసి "కరెక్టే మామయ్యా" అని మళ్ళీ పెట్టుకునేవాడు.

చివరి మ్యాచుకు వారం ముందు సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన బ్యాటు లేకుండా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. బిడ్డ వెంట ఉంది కాబట్టి సంగతి తెలిసింది. ఆదివారం మా మైదానంలోనే ఆఖరి మ్యాచ్. అవతలి జట్టు పక్క ఊరిది, అప్పటిదాకా ఓడలేదు. వాళ్ళ దగ్గర బంతి విసిరే యువకుడొకడు, తాటిచెట్టంత ఉంటాడు, ఎవరూ తాకలేనంత జోరు. ఆ మ్యాచుకు జట్టు పేర్లు ఫోన్లలో వచ్చాయి. ఈయన పేరు లేదు.

"ఆ మ్యాచ్ ఆడి మానేద్దామనుకున్నాను" అన్నాడు. బిడ్డ ఒక్కో మాట నాకు చెబుతోంది. "మోకాలు ఇక ఇంకో ఏడాదికి రాదు. చివరిసారి బ్యాటు పట్టుకుని నిలబడి మానేద్దామనుకున్నాను. బెంచీ మీద కూర్చుని మానడం వేరు. అలాగైతే ఆదివారం నేను ఇక్కడికే రాను. గడ్డి కోయడానికి కూడా రాను."

మర్నాడు బిడ్డను లాక్కుని జట్టు కోచ్ దగ్గరికి పోయాను. ముప్పై నిండని మనిషి. ఇతనికి చిన్నప్పుడు బ్యాటు పట్టడం నేర్పిందీ మన మనిషే. పెద్దావిడ పక్కనే బల్ల దగ్గర కాగితాలు సర్దుతోంది.

"గాయనను ఎందుకు తీసేసినవ్ అని అడుగు" అన్నాను బిడ్డతో.

"బాపూ, జర మెల్లగ."

"మెల్లగనే అడుగు. గని అడుగు."

కోచ్ కోపగించుకోలేదు. తలవంచుకుని చెప్పాడు. ఆయనంటే తనకు ఎంత గౌరవమో, కానీ ఈ ఏడు ఆయన కొట్టి బేసుకు చేరింది చాలా తక్కువని, ఆవిడ కాగితం చూస్తే తెలుస్తుందని. ఆవిడ కాగితం తిప్పి చూపించింది. మన మనిషి గళ్ళు దాదాపు ఖాళీ.

నేను నా నోటుబుక్కు తెరిచి ఆ కాగితం పక్కన పెట్టాను. "మరి ఇవేంది?"

ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని నా సున్నలు చూసింది. ఒకదాని మీద వేలు పెట్టి ఇది ఎటు పోయిందని అడిగింది. కార్ల మీదికి పోయిందన్నాను. ఇది? కంచె అవతలికి. ఇది? అడవి పక్కకు. ఆమె పెన్సిలు పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. కోచ్ కూడా నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. తర్వాత కూర్చోబెట్టి కాగితం మీద గీసి చెప్పారు.

ఈ ఆటలో మైదానం విసనకర్రలా ఉంటుంది. కొట్టినవాడు మూడు మూలల్లో ఉన్న బేసులు ఒక్కొక్కటీ తాకుతూ చుట్టి, బయల్దేరిన చోటికి తిరిగొస్తేనే ఒక పరుగు. రెండు తెల్ల గీతల మధ్య పడ్డ బంతే బంతి. ఆ గీతల బయట పడినా, వెనక్కి పోయినా వృథా. దాన్ని ఫౌల్ అంటారు. మూడుసార్లు తప్పిపోతే ఔట్. మొదటి రెండు ఫౌళ్ళు తప్పుల కిందే లెక్క, తర్వాత ఎన్ని ఫౌళ్ళు కొట్టినా ఔట్ కాదు, పరుగూ రాదు, మళ్ళీ బంతి వేయాల్సిందే. విసిరేవాడు నాలుగు బంతులు పక్కకు వేస్తే మాత్రం ఊరికే మొదటి బేసుకు నడిచిపోవచ్చు. ఇంతే సంగతి. రెండున్నర నెలలు నేను వృథా బంతులకు చప్పట్లు కొట్టాను. ఆయన వరుసలోని నా సున్నలు చాలావరకు ఫౌళ్ళే.

ఇంటికి వస్తుంటే బిడ్డ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది. అక్షరాలు నేర్చుకునే రోజుల్లో తప్పు రాసినప్పుడు కూడా ఆమె ఇలాగే ఏమీ అనకుండా చెరిపి ఇచ్చేది.

అన్నం తిన్నాక నోటుబుక్కు చింపేద్దామని తీశాను. చింపేముందు చివరిసారి తిప్పాను. ఆయన వరుస పొడుగ్గా ఉన్న చోటల్లా, దాని కిందనే ఇంకొకటి కనబడింది. ఆయన తర్వాత ఆడిన ఇద్దరు ముగ్గురికీ సున్నలు ఉన్నాయి. చిన్న వరుసలే. రెండు మూడు బంతులు, ఒక సున్న, అంతే, కొట్టి పరుగెత్తినవాళ్ళు. ఆయన తొందరగా ఔటైన చోట కింద వరుసల్లో చుక్కలే. పేజీ తిప్పాను. మళ్ళీ అదే. ఇంకో మ్యాచ్. మళ్ళీ అదే.

నిజంగా చెబుతున్నాను, క్వారీలో పెద్ద బండ లోపల పగులు మొదలైన చప్పుడు విన్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

మా క్వారీలో పెద్ద బండను చీల్చాలంటే వరుసగా గుంటలు తొలిచి ఇనుప చీలలు దింపేవాళ్ళం. వాటి మీద మొదటి వరుస దెబ్బలు వేసేది జట్టులో అందరికంటే పాత మనిషి. ఆయన్ని మొదటి సమ్మెట అనేవాళ్ళం. ఆయన కొడుతున్నంతసేపూ బండ కదలదు. చూసేవాళ్ళకు ఊరికే కొడుతున్నట్టే ఉంటుంది. ఆయన ప్రతి చీల మీదా కొట్టి, చప్పుడు విని, ఇంకో దానికి పోతాడు. బండను అలిసిపోయేలా చేస్తాడు. తర్వాత యువకులు వస్తారు, నాలుగు దెబ్బలు వేస్తారు, బండ విచ్చుకుంటుంది. రోడ్డు మీద పోయేవాడు ఆ యువకుణ్ణి చూసి శభాష్ అంటాడు. కానీ మా దగ్గర ఒక ఆచారం ఉండేది. బండ తెరుచుకున్నాక మొదటి చాయ్ మొదటి సమ్మెటకే. ఆయన తాగాకే మిగతావాళ్ళు. మేస్త్రీ ఉన్నా, సేటు వచ్చినా అంతే.

నేను బిడ్డను పిలిచాను. ఆమె వచ్చి నా వేలు వెంబడి చూసింది. ఆమె ఉద్యోగం కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. కాసేపు నిలబడి చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బాపూ, ఆగు. నువ్వు చదువు, నేను కొడత."

నేను ఒక్కో వరుస చదువుతుంటే ఆమె ల్యాప్‌టాప్‌లో ఎక్కించింది. చివరికి వెనక్కి వాలింది.

"ఆయన ఔటైనా సరే, ఎక్కువ బంతులు ఆడిన దినం ఆయన తర్వాతోళ్ళు కొడుతున్నరు. బంతి ఏసేటోణ్ణి ఆయన అలిసేటట్టు చేస్తున్నడు. గా ఆవిడ కాగితంల ఫౌళ్ళు రాయలే. నువ్వు రాసినవ్."

"తప్పు రాసిన."

"తప్పే రాసినవ్. మంచిగ రాసినవ్."

మర్నాడు పెద్దావిడకు చూపించాం. ఆవిడ నవ్వలేదు. తన కాగితాలన్నీ తెచ్చి, ఎవరెవరు ఎప్పుడు పరుగు తీశారో ఒక్కొక్కటే నా వరుసలతో పోల్చింది. గంట పట్టింది. తర్వాత లేచి, బడిలో పిల్లవాణ్ణి పిలిచినట్టు కోచ్‌ను పిలిచింది. కోచ్ వచ్చాడు, చూశాడు, చెవి వెనక గోక్కున్నాడు. ఇన్నేళ్ళూ నాలుగోవాడిగా బ్యాటు పట్టే ఆయన వెనకాల ఐదోవాడిగా, ఆరోవాడిగా ఆడి పేరు తెచ్చుకున్నవాళ్ళందరూ గోడ మీద ఉన్నారని ఆవిడ నెమ్మదిగా అంది. కోచ్ గోడ వైపు చూశాడు. వాటిలో ఒక ఫోటో అతనిదే.

ఆ సాయంత్రమే పేర్లు మారాయి. మన మనిషి ఆడుతున్నాడు. నాలుగోవాడిగా కాదు. మొదటివాడిగా.

ఇక చూడండి ఆయన కోపం. నేను వెళ్ళేసరికి బంతులను పగబట్టినట్టు కొడుతున్నాడు.

"మొదట వెళ్ళేది కాళ్ళున్నవాళ్ళు" అన్నాడు బిడ్డతో. "పరుగెత్తేవాళ్ళు. పెద్ద దెబ్బ వేసేవాడు నాలుగోవాడు. ముప్పై ఏళ్ళుగా నేను నాలుగోవాణ్ణి. జాలిపడి ఎక్కడో ఒకచోట పెట్టాడు."

"జాలి కాదని చెప్పు బిడ్డా. మొదటి సమ్మెట గురించి చెప్పు."

ఆమె చెప్పింది. చీలలు, బండ, చప్పుడు వినడం, అన్నీ. నేను నడుమ నడుమ చేతులతో చూపించాను. ఆయన బ్యాటు మీద ఆనుకుని విన్నాడు. తర్వాత ఒక్క మాట అడిగాడు.

బిడ్డ నవ్వింది. "చాయ్ నిజంగనే ఇస్తరా అని అడుగుతున్నడు బాపూ."

"బండ పగలాలె ముందు. పగలకపోతే చాయ్ లేదని చెప్పు."

ఆదివారం ఎండ బాగా కాసింది. నేను పొద్దున్నే అల్లం దంచి, చాయ్ చేసి ఫ్లాస్కులో పోశాను. అల్లుడు కూడా హెడ్‌ఫోన్ ఇంట్లో వదిలేసి వచ్చాడు. తనకు తెలిసిన మన తెలుగువాళ్ళు నలుగురిని తీసుకొచ్చాడు. వాళ్ళకు ముందే గట్టిగా చెప్పాను, నేను చప్పట్లు కొట్టినప్పుడే కొట్టాలని.

మన మనిషి మొదట వచ్చాడు. తాటిచెట్టు విసిరిన మొదటి రెండు బంతులూ కనబడనే లేదు. రెండు తప్పులు. ఇంకొక్కటి తప్పితే ఔట్. అవతలి జట్టువాళ్ళు అప్పుడే నవ్వుకుంటున్నారు. మూడోది తాకించాడు, వెనక్కి పోయింది. నేను లేచి చప్పట్లు కొట్టాను. నాలుగోది పక్కకు. చప్పట్లు. ఐదోది, ఆరోది, ఏడోది. మన తెలుగువాళ్ళు నాతోపాటు కొడుతున్నారు. మా జట్టువాళ్ళు మొదట వింతగా చూశారు. ఎనిమిదో ఫౌలుకు బెంచీ మీద ఒకడు చప్పట్లు కలిపాడు. పెద్దావిడ తన కాగితం అంచున, నేను చూశాను, ఒక చిన్న సున్న పెట్టింది. పదకొండో బంతికి ఆయన ఔటయ్యాడు. తిరిగి వస్తూ తర్వాతివాడి చెవిలో ఏదో చెప్పాడు. విసిరేవాడు భుజం ఊపుకున్నాడు. నాకు ఆ ఊపు తెలుసు. మొదటి చీల దిగింది.

రెండోసారి కూడా అంతే. ఆరు ఫౌళ్ళు, తర్వాత ఎత్తుగా లేచిన బంతిని అవతలివాడు పట్టేశాడు. కానీ ఆయన వెనకాల వచ్చినవాళ్ళు అప్పటికే కొట్టడం మొదలుపెట్టారు. మేమూ వాళ్ళూ పరుగుల్లో సమానమయ్యాం. ఆఖరి వంతు వచ్చింది. ఒక్క పరుగు వస్తే మాదే. బ్యాటు పట్టుకోవాల్సింది మళ్ళీ మన మనిషి.

ఆయన నడిచి వస్తుంటే మోకాలు ఈడుస్తున్నాడు. నిలబడ్డాడు. ముందు కాలి మడమ నేలకు అదిమాడు. నా వైపు చూడలేదు కానీ నాకోసమే అదిమాడని నేను అనుకుంటాను, కాదన్నా వినను.

విసిరేవాడు వేశాడు. అప్పుడు వచ్చిన మోతను నేను ఎలా రాయను? నా డెబ్బై ఏళ్ళలో అలాంటిది నాలుగైదుసార్లు విన్నానేమో. బంతి పైకి లేచింది. కంచె దాటింది, కంచె అవతలి సైకిళ్ళ దారి దాటింది, పెద్ద చెట్ల కొసలు దాటింది. పరుగెత్తాల్సినవాళ్ళు పరుగెత్తడం మరిచి చూస్తున్నారు. అంత దూరం ఆ మైదానంలో ఎవరూ కొట్టలేదని తర్వాత ఆవిడ చెప్పింది. ఒక్క చిక్కు. ఎడమ తెల్ల గీతకు రెండు మూరల బయట పోయింది.

అంపైర్ చేతులెత్తాడు. ఫౌల్.

అందరూ ఉసూరన్నారు. నేను లేచి చప్పట్లు కొట్టాను. చేతులు మండేలా కొట్టాను. ఈసారి తెలిసే కొట్టాను. నా పక్కన బిడ్డ లేచింది, నా చొక్కా లాగలేదు. బెంచీ మీద జట్టంతా లేచింది. కోచ్ కూడా. విసిరేవాడు మాత్రం ఆ చెట్ల వైపే చూస్తున్నాడు. బండ లోపల పగిలింది. బయటికి ఇంకా కనబడటం లేదు, అంతే.

తర్వాతి బంతి పక్కకు పోయింది. ఆ తర్వాతిదీ. ఇంకొకటి. నాలుగోది ఇంకా దూరంగా. అతని చేతికి ఇక ఆ మనిషికి దగ్గరగా వేసే ధైర్యం లేదు. మన మనిషి బ్యాటును విసిరేయలేదు. వంగి, పని అయిపోయాక సమ్మెట పెట్టినట్టు నేల మీద పెట్టాడు. కుంటుకుంటూ మొదటి బేసుకు నడిచాడు. అక్కడ కోచ్ ఆయన బదులు పరుగెత్తే మనిషిని పంపాడు. ఆయన టోపీ తీసి తల గోక్కుని బయటికి వచ్చాడు. నిలబడి మానాడు. ముప్పై ఏళ్ళ ఆటలో ఆయన ఆఖరి పని, ఒక వృథా బంతి, ఒక నడక.

తర్వాత వచ్చినవాడు మొదటి బంతికే గీతల మధ్య పొడవుగా కొట్టాడు. ఆయన బదులు వెళ్ళిన మనిషి మిగతా బేసులు చుట్టి బ్యాటు పట్టే చోటికి వచ్చేశాడు. గెలిచాం. కొట్టినవాణ్ణి అందరూ చుట్టుముట్టి, దూరం పాటించాలని గుర్తొచ్చి, మళ్ళీ విడిపోయి, గాల్లో చేతులూపుకున్నారు.

నేను ఫ్లాస్కు తీశాను. కోచ్ అటుగా వస్తుంటే చేత్తో ఆగమన్నాను. కాగితపు కప్పులో చాయ్ పోసి, మన మనిషి కూర్చున్న బెంచీకి ఇవతలి చివర పెట్టి, మీటరున్నర వెనక్కి జరిగాను. ఆయన కప్పు తీసుకున్నాడు. అందరూ నిలబడి చూస్తున్నారు. సంగతి ఏమిటో వాళ్ళకు పెద్దావిడ చెప్పినట్టుంది, ఎవరూ కప్పు అడగలేదు.

ఆయన ఊదుకుని ఒక గుక్క తాగాడు. ముఖం ఒక రకంగా పెట్టాడు. అడవి వైపు చూపించి ఏదో అన్నాడు, తర్వాత కప్పు చూపించి ఇంకేదో అన్నాడు.

"ఏమంటున్నడు?"

"ఆకులు రాలినంక పోయి ఆ బంతిని ఎతుకుతడట" అంది బిడ్డ. "ఇంకా, చాయ్‌ల చక్కెర ఎక్కువైందట."

"మొదటి చాయ్ గట్లనే ఉంటది" అన్నాను. "తాగుమను."